కడలి లేని సీమలో తీరభూములు



తీరభూములను ప్రజోద్యానములుగా నిలుపుకొనుటను గూర్చి మాటలాడవలెనని నన్ను కోరినప్పుడు ప్రక్కనున్న మిత్రుడొకడు నవ్వెను. "గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వారికి తీరమెక్కడిదయ్యా! బందరు వారినో, విశాఖపట్టణము వారినో పిలిచి చెప్పించుకొనరాదా?" అనెను. ఆయనకు నేనిచ్చిన సమాధానమే ఈ ప్రసంగమునకు మొదలు.

ఉప్పునీటి కడలి మనకు లేనిమాట నిజమే. కాని సముద్రమను పేరు మనకు క్రొత్త కాదు. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి కోవెల చెంత రంగసముద్రము, కానాయపల్లి చెంత శంకరసముద్రము, నాగర్‌కర్నూలున కేసరిసముద్రము. వనపర్తి సంస్థానము వారి చెరువులకు సప్తసముద్రములని ప్రసిద్ధి. చెరువును త్రవ్వించి దానికి సముద్రమని పేరుపెట్టుట మన పూర్వుల అతిశయోక్తి యని చిన్నతనమున నేననుకొంటిని. ప్రాచ్యకళాశాలలో అమరకోశము చెప్పుచు మా గురువుగారు ఆ పదమును విప్పి చూపిన దినమున నా తలంపు మారినది. ముద్ర యనగా మర్యాద, హద్దు. ముద్రతో కూడినది గావున సముద్రమని వారు చెప్పిరి. వేరు వ్యుత్పత్తులును కలవు. ఆ వాదములు పండితుల చావడికి విడిచెదము. నాకు ఈ వ్యుత్పత్తియే నచ్చినది. నీరు విస్తారముగా నున్నంత మాత్రమున సముద్రము కాదు. ఆ నీటికొక హద్దుండవలెను. ఆ హద్దు నీటికిని తెలియవలెను, మనుష్యునికిని తెలియవలెను.

మరియొక మాట. మన పెద్దలు సప్తసంతానములని ఏడింటిని లెక్కించిరి. కన్నకొడుకు వలెనే మనిషి పేరు నిలుపు పుణ్యకార్యములవి. వానిలో తటాకమొకటి, వనమొకటి. చెరువు త్రవ్వించినవాడును, తోట వేయించినవాడును సంతానవంతులే. చెరువు గట్టున తోట యున్నచో ఒక్కచోటనే రెండు సంతానములు కలిసినట్లు. నేడు పట్టణములవారు చెరువుగట్టు ఉద్యానమని క్రొత్తగా చెప్పుకొనుచున్న దానికి మన యొద్ద పాత పునాది యున్నది.

అయినను మన తీరమునకును కడలి తీరమునకును ఒక భేదము కలదు. ఆ భేదము తెలియకనే మనకు చాల నష్టము వాటిల్లినది. కడలి తీరము ఆటుపోటులకు కొంత కదలినను నిలుకడ గలది. మన చెరువు తీరము నడచును. భాద్రపదమున అలుగు పారునప్పుడు నీటి అంచు తుమ్మల మొదళ్లను తాకుచుండును. సంక్రాంతికి వెనుకకు జరుగును. ఉగాది నాటికి నీళ్లుండిన చోట పిల్లలు చిర్రగోనె ఆడుదురు. వైశాఖమున తూము దగ్గర మడుగు మాత్రము మిగులును. బర్రెలు దానిలో పండుకొనును. మరల తొలకరికి నీరు బయలుదేరి వెనుకకు వచ్చును. శ్రీశైల జలాశయము నిండినప్పుడు సోమశిల దగ్గర కృష్ణ యెంత వెడల్పో చూచినవారు, వేసవిలో అదే చోట ఎండిన రేవడిలో నడచినవారు, ఈ మాటను నాకంటె బాగుగ ఎరుగుదురు. నీటిలో మునిగిన సంగమేశ్వరుని గుడి నీరు తీసిన పిమ్మట బయటపడుచున్నది గదా!

ఇట్లు నీరు వచ్చిపోవు నేలకే శిఖమని పేరు. నిజాము నాటి సేత్వారులలోను, గ్రామ నక్షాలలోను ఆ పేరుతోనే వ్రాయబడియున్నది. అది బీడు కాదు. నీరున్నప్పుడు అది చేపలు పట్టువారిది. నీరు తీయుచున్నప్పుడు తడి ఆరకముందే దోస, పుచ్చ, జొన్న చల్లుకొను నిరుపేదలది. ఎండలలో గొల్ల కురుమల మందలది. ఏడు పొడుగున చాకలి బండలది, కుమ్మరి మట్టిది. బతుకమ్మ నాడు ఆడపడుచులది. ఇందరు అనుభవింతురు గావున ఒక్కని పేర పట్టా కాలేదు. పట్టా లేదు గావున దానిని చూచినవాడెల్ల అది ఎవరిదియు కాదనుకొనును. మన తీరములకు వచ్చిన ముప్పు ఈ పొరపాటునుండియే పుట్టినది. ఆ పొరపాటును చేసినవారిలో నేనొకడను. ఆ సంగతి చెప్పి గాని ముందునకు సాగుటకు నాకు అర్హత లేదు.

2001 మొదలు కొన్ని యేండ్లు పాలమూరు సీమను కరవు పట్టి పీడించెను. పల్లెలకు పల్లెలు బొంబాయికి, పూనాకు మట్టిపనులకు తరలిపోయినవి. మా ఊరి సముద్రమున వరుసగా మూడేండ్లు నీరు నిలువలేదు. ఊరి పేరు చెప్పను. చెప్పినచో ఇతరుల పేర్లును చెప్పినట్లగును, తప్పు నాది గాని వారిది కాదు. మూడవ యేట, 2003లో, కట్టకెదురుగా ఎగువ అంచున నున్న ఆరెకరముల నేల శిఖము కాదనియు, మెట్ట యనియు, నీరెన్నడును అచ్చటికి రాదనియు ఒక పంచనామా వ్రాసిరి. పంచులుగా అయిదుగురు సంతకములు చేయవలెను. నేనప్పుడు అచ్చటి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. పంతులు సంతకమున్నచో కాగితమునకు నిండుతనము వచ్చునని నన్ను పిలిచిరి. నేను పోయి చూచితిని. నేల నెఱ్ఱెలువారి యున్నది. తంగేడు మొలచియున్నది. నీటి జాడ లేదు. సంతకము చేసితిని. ఎవరును నాకొక కాసు ఇయ్యలేదు. అదియొక్కటియే నాకు ఊరట. అది ఊరట కాదని పిమ్మట తెలిసినది.

అయిదవ పంచుగా మా ఊరి నీరటి తాతను పిలిచిరి. ఆయన తండ్రియు, తాతయు తూము ఎత్తి దించినవారే. ఆయన వేలుముద్ర వేయలేదు. "సారూ, నువ్వు జూసింది మూడేండ్లు. ఆ రేగుచెట్టు కాడికి నీళ్లొచ్చెనని మా నాయిన జెప్పిండు. నీళ్లు యాది మరువయి. నేను ఏలు పెట్ట" అని కట్ట దిగి వెళ్లిపోయెను. ఆయనకు మారుగా మరియొకడు వేలు పెట్టెను.

నేను తర్కసంగ్రహము చదువుకొన్నవాడను. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగని పిల్లలకు చెప్పినవాడను. ఆ దినమున నా కన్నులకు కనబడినదే ప్రమాణమనుకొని, మూడు తరములుగా ఆ నీటిని ఎరిగినవాని ఆప్తవాక్యమును త్రోసివేసితిని. చదువు వలన వచ్చెడి తప్పులు కొన్ని ఇట్లుండును.

ఆ నేల ముక్కలుగా అమ్ముడుపోయినది. కొన్నవారు ధనికులు కారు. బొంబాయి మట్టిలో కూడబెట్టుకొన్నవారు కొందరు, ఒక బస్సు కండక్టరు, నా శిష్యులిరువురు. ఇండ్లు లేచినవి. కొన్నేండ్లు నా సంతకమే గెలిచినట్లుండెను. పిమ్మట ఎత్తిపోతల కాలువలు వచ్చినవి. జూరాల నుండి, శ్రీశైలము వెనుక నీటి నుండి కృష్ణను పైకెత్తి మన చెరువులను నింపుట మొదలైనది. మా ఊరి కాలువకు 2017లో నీరు వదలిరి. ఊరెల్ల పసుపు కుంకుమలతో ఎదురుపోయినది, నేనును పోయితిని. సముద్రము నిండినది. నీరు తంగేడును ముంచి, గోడలను తాకి, రేగుచెట్టు మొదటి దాక వచ్చి నిలిచెను. అంగుళము ముందునకు పోలేదు, అంగుళము వెనుకకు రాలేదు. పదునొకండు ఇండ్లలో నలువది దినములు నీరుండెను.

నీళ్లలో సామానులు మోసికొనుచున్న నా శిష్యునొద్దకు పోయి ఏమనవలెనో తెలియక నిలిచితిని. వాడు కోపపడలేదు. "కాగితంల మీ పేరు జూసినంకనే కొన్న, సార్" అనెను. అంతే అనెను.

కథ అచ్చటితో ముగియలేదు. ఒక రాత్రి ఎవరో గునపములతో అలుగు రాళ్లను మూరెడు లోతునకు ఊడదీసిరి. ఎవరని నేనడుగలేదు, ఇంటిలో నీళ్లున్నవాని కష్టమది. చెరువు నీరు మూరెడు దిగినది. ఇండ్లు ఆరినవి. కాని చెరువులో పైమూరెడు నీరు క్రిందిమూరెడు నీటివంటిది కాదు. చెరువు పళ్లెమువలె పైకి పోయిన కొలది వెడల్పగును గావున పైమూరెడులో క్రిందిమూరెడుకంటె ఎక్కువ నీరుండును. ఆ మూరెడు పోవుటతో ఆయకట్టు చివరి పొలములకు యాసంగి నీరందలేదు. తీరమున ఆరెకరములు పోయినందుకు ఆయకట్టున ఎన్ని యెకరములు ఎండినవో లెక్కించినవారు మా ఊరిలోనే కలరు. తీరమును ఆక్రమించుట అనగా నేలను మాత్రమే ఆక్రమించుట కాదని నాకు ఇట్లు బోధపడినది. నీటి మట్టమే క్రిందికి దిగును.

నదుల తీరమునందును ఇదియే న్యాయము. 2009 అక్టోబరు మొదటి దినములలో కృష్ణా తుంగభద్రలు పొంగిన సంగతి గద్వాల, అలంపురము సీమల వారెవరును మరువలేదు. శ్రీశైలమునకు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఆ ఆనకట్ట కట్టిన లెక్కకది మించినది. నది తన పాత హద్దులను ఒక్కసారిగా తిరిగి చూచుకొని పోయినది. చాళుక్యుల నాటి నవబ్రహ్మ దేవాలయములున్న అలంపురమునకు శ్రీశైలపు వెనుక నీటి భయముచేత గోడ కట్టవలసి వచ్చుట మనమెరిగినదే.

ఇక ప్రభుత్వపు నియమములు. కడలి తీరమునకు 1991 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వమొక ప్రకటన చేసి, పోటునీటి గీత నుండి 500 మీటర్ల దాక కట్టడములపై ఆంక్షలు విధించినది. పిమ్మట 2011లోను, 2019లోను దానిని మార్చిరి, కొన్నిచోట్ల సడలించిరి. మన మంచినీటి సముద్రములకు అటువంటిదొకటి కలదని చాలమంది ఎరుగరు. ఉమ్మడి రాష్ట్రమున 2012 ఏప్రిల్ 7న వెలువడిన 168వ నంబరు ఉత్తరువులో, పది హెక్టారులు గాని అంతకు మించి గాని గల చెరువు నిండుమట్టపు అంచు నుండి 30 మీటర్లు, అంతకు చిన్న కుంటలకు 9 మీటర్లు, పురపాలక సంఘముల వెలుపల నదులకు 100 మీటర్లు, లోపల 50 మీటర్లు విడిచిపెట్టవలెనని యున్నది. ఆ విడిచిన నేలను ఏమి చేయవలెను? పచ్చదనమునకును, జనుల విహారమునకును ఉంచవలెనని అందులోనే వ్రాసిరి. తీరమును ప్రజోద్యానముగా నుంచుట మన కోరిక మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది. పట్టణములు పల్లెల మీదికి పెరుగుచున్న మన జిల్లాలకు ఇది మరీ ముఖ్యము. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును జిల్లా కేంద్రములైన నాటి నుండి వాని చుట్టునున్న కుంటల గట్లకు వెల పెరిగినది.

న్యాయస్థానములును ఈ మాటనే చెప్పినవి. హిమాచల ప్రదేశమున బియాస్ నది యొడ్డున విహారగృహము కట్టినవారి వ్యాజ్యమున సుప్రీం కోర్టు 1996లో తీర్పు చెప్పుచు, నదులు, తీరములు, అడవులు ప్రభుత్వమునకు సొత్తు కావనియు, ప్రజలకొరకు ప్రభుత్వము చేత నుంచబడిన న్యాసమనియు నిర్ణయించెను. న్యాసమనగా మనకు క్రొత్త మాట కాదు. పొరుగువాడు కాశీకి పోవుచు మనయింట దాచిన సొమ్మువంటిది. దానిని కాపాడవచ్చును గాని అమ్మరాదు. 2001లో మరియొక తీర్పున, కుంట భూమిని ఇండ్ల స్థలములుగా పంచుట చెల్లదనిరి. పంజాబునందలి పటియాలా జిల్లాలో ఒక ఊరి కుంటను పూడ్చి ఇండ్లు కట్టుకొన్నవారి వ్యాజ్యమున 2011 జనవరి 28న ఇచ్చిన తీర్పు దేశములోని గ్రామ ఉమ్మడి భూములన్నింటికిని వర్తించునది. అందులో నాకు నచ్చిన దొకటున్నది. ఆక్రమణలను తొలగింపుడని చెప్పుచునే, భూమిలేని కూలీలకును, షెడ్యూల్డు కులముల తెగల వారికిని ప్రభుత్వము కౌలుకిచ్చిన నేలల విషయమున మినహాయింపునకు తావిచ్చిరి. శిఖములో దోసగింజలు నాటుకొను పేదకును, కాగితములు పుట్టించి అంతస్తులు లేపు వానికిని గల భేదమును న్యాయమూర్తులు గ్రహించిరి. మన ఊరి పెద్దలు కొన్నిచోట్ల గ్రహింపకున్నారు.

ఈ ఆలోచన మన దేశమున మాత్రమే పుట్టినది కాదు. క్రీస్తుశకము ఆరవ శతాబ్దిలో రోము చక్రవర్తి జస్టీనియను కూర్పించిన ధర్మశాస్త్రమున గాలి, పారునీరు, కడలి, కడలి తీరము అందరికి ఉమ్మడివని యున్నది. అమెరికాలో చికాగో నగరమునెదుట మిచిగాన్ సరస్సు గర్భమును ఒక రైలు కంపెనీకి ఆ రాష్ట్ర శాసనసభ వ్రాసియిచ్చి, పిమ్మట తానే వెనుకకు తీసికొన్నది. వెనుకకు తీసికొనుట న్యాయమేనని అచ్చటి సుప్రీం కోర్టు 1892లో తీర్పు చెప్పినది. ఇచ్చినది శాసనసభయే యైనను ఆ ఈవి నిలువలేదని దాని భావము. నేడు ఆ సరస్సు అంచున మైళ్ల కొలది జనులకు తోటలున్నవి.

వేల్సు దేశమున 1895లో జరిగిన సంగతి యొకటి నాకు మిక్కిలి ఇష్టము. బార్మత్ అను ఊరిలో ఫానీ టాల్బట్ అను నామె కడలిపై వ్రాలిన కొండకొమ్మున తనకున్న నాలుగున్నర యెకరముల నేలను, అప్పుడే ఏర్పడిన నేషనల్ ట్రస్టు అను సంఘమునకు జనులకొరకు దానము చేసినది. ఆ సంఘమునకు అదియే మొదటి భూమి. దానము చేయుచు ఆమె పెట్టిన నియమమును వినుడు: గడ్డిబాటలు వేసికొనవచ్చును, తగినచోట రాతి అరుగులు కట్టుకొనవచ్చును; తారుబాటలును, పాముమెలికల ఇనుపబల్లలును మాత్రము పనికిరావని కోరినది. ఉద్యానమనగా నేలను అలంకరించుట కాదు, నేలను నేలగా నుండనిచ్చుట యని ఆమెకు తోచినది.

ఈ మాట ఎందుకు చెప్పుచున్నాననగా, మన సీమలో ఇప్పుడు చెరువు కట్టలకు అలంకారములు వచ్చుచున్నవి. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసిరి. దానికి తోడుగా ముఖ్యమైన చెరువు కట్టలను విహారస్థలములుగా తీర్చుటకు పూనుకొనిరి. వనపర్తిలో నల్లచెరువు, నాగర్‌కర్నూలులో కేసరిసముద్రము అట్లు తీర్చబడినవే. సాయంకాలమున ముసలివారు నడచుటకు, ఆడపిల్లలు నిర్భయముగా కూర్చుండుటకు పట్టణమున చోటు దొరకినది. దానిని నేను తక్కువ చేయను. నేనును అచ్చట నడచినవాడనే. జూరాల గేట్లెత్తిన దినములలో గద్వాల త్రోవన జనము తీర్థమువలె పోవుచుందురు. అచ్చటి చేపలు మిక్కిలి రుచియని చెప్పుదురు; నేను తిననివాడను గావున ఆ విషయమున సాక్ష్యము పలుకజాలను.

అయినను అలంకారమునకు హద్దుండవలెను. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిన హుస్సేన్‌సాగరమును చూడుడు. దాని చుట్టు తోటలు వేసిరి, విగ్రహములు నిలిపిరి, పడమటి యొడ్డున హారము పేరనే రాజమార్గము వేసిరి. హారములు తొడిగిన కొలది కంఠము సన్నగిల్లినది. తీరమును కాపాడుటకు వేసిన తోటయే తీరమును మింగరాదు గదా! ఆ రాజధానిలోనే చెరువుల ఆక్రమణలను తొలగించుటకు 2024 జూలైలో హైడ్రా యని ప్రత్యేకముగా ఒక సంస్థను స్థాపింపవలసి వచ్చినది. కట్టిన ఇంటిని పడగొట్టుట ఎంత దుఃఖమో ఆ ఇంటివారికే తెలియును. మన ఊళ్లలో ఆ దినము రాకముందే హద్దు తెలిసికొనుట మేలు.

మా ఊరి సంగతికి మరల వచ్చెదను. ఆ ఆరెకరముల ప్రక్కనే ఇంకను తొమ్మిదెకరముల తీరము మిగిలియున్నది. ఇప్పుడు దాని మీదుగా బాట పడినది. దానినేమి చేయవలెనని గ్రామసభలో చర్చ రాబోవుచున్నది. కొందరు ఇండ్ల స్థలములనుచున్నారు. కొందరు ఉద్యానమనుచున్నారు, కాని వారి ఉద్యానమునకు ఇనుపకంచె, ద్వారము, టిక్కెట్టు, లోపల హోటలు, దానినంతయు చూచుకొనుటకొక కంట్రాక్టరు. టిక్కెట్టు కొని చాకలివాడు బట్టలు ఉతుకునా? మందను తోలుకొని వచ్చిన కురుమ తలకెంతయని చెల్లించునా? కంచె వేసిన దినముననే అది ప్రజోద్యానము కాకుండపోవును. ఈ మాటను మా ఊరిలో చెప్పినప్పుడు, పంతులు ఇండ్లకును అడ్డము, తోటకును అడ్డము అని గొణిగిరి. నేను తోటకు అడ్డము కాను. ద్వారము లేని తోట కావలెనని కోరుచున్నాను.

అట్టి తోట ఎట్లుండును? చేపలవారి పుట్టీలు నిలుచుటకు ఒక రేవు. చాకలి బండలున్నచోటనే యుండవలెను. మంద నీటికి దిగుటకొక బాట. బతుకమ్మను సాగనంపుటకు నాలుగు రాతిమెట్లు. నీరు తీసినప్పుడు ఇదివరకు సాగుచేయు పేదలు లోపలి అంచున సాగుచేసికొందురు. తక్కినది చెట్లు. చెట్ల విషయమున పెద్దలకు నేను చెప్పవలసినది తక్కువ. మీకే ఎక్కువ తెలియును. నీట మునిగి తేలు చోట నల్లతుమ్మ తట్టుకొనును. వాగు వచ్చి కలియు మొగమున తెల్లమద్ది, నేరేడు, కానుగ. పై అంచున తాటి, ఈత. గీతవారికి బ్రతుకు, పిట్టలకు గూళ్లు. చింతలు, వేపలు మెరకన. కట్ట మీద మాత్రము పెద్ద చెట్లు వద్దు. చెట్టు చచ్చిన పిమ్మట వేరు కుళ్లి కట్టలో బొరియ యగును, నీరు ఆ బొరియను వెదకికొనును. కట్ట వాలున గడ్డియు, వావిలి పొదలును చాలును; అలల కోతకు మన్నును పట్టి నిలుపును.

అన్నింటికి ముందు హద్దు. నిండుమట్టమును కనుగొనుటకు గొప్ప యంత్రములు కావలెనని భయపడవలదు. అలుగు తలమట్టమే చెరువు నిండుమట్టము. అలుగు మీద నీరు అప్పుడే పొర్లుట మొదలైన దినమున, గాలిలేని ఉదయమున, చెరువు చుట్టు నీటి అంచు ఎచ్చటెచ్చట నున్నదో అదియే హద్దు. నీరు తన మట్టమును తానే గీసి చూపును. ఆ దినమున నీటిపారుదల శాఖవారిని, రెవెన్యూవారిని ముందుగా పిలిపించుకొనుడు. వారు ధ్రువీకరించినదే చట్టమున చెల్లును. ఛాయాచిత్రములు తీయించుడు. ఇరువది గజములకొక హద్దురాయి పాతుడు. ఆ సంగతిని గ్రామసభ తీర్మానముల పుస్తకమున వ్రాయించి, నక్షాతో సరిచూపించుడు. అలుగును ఎవరైనను తగ్గించియున్నచో ముందు అలుగును పూర్వపు మట్టమునకు కట్టించుడు. లేనియెడల తప్పుడు హద్దునకే రాళ్లు పాతినవారగుదురు. నీరటిపని చేసిన యింటివారు మీ ఊరిలో మిగిలియున్నచో వారిని ముందు నడిపించుకొనుడు.

మా ఊరిలో ఈ పనికి చిక్కొకటి యున్నది. అలుగును మరల మూరెడు ఎత్తినచో ఆ పదునొకండు ఇండ్లలోనికి నీరు వచ్చును. ఆ ఇండ్లవారికి మెరకన మారుస్థలము ఇయ్యక అలుగు ఎత్తుట అధర్మము. ఎత్తకుండుట ఆయకట్టువారికి అన్యాయము. ఊరిలో ప్రభుత్వపు మెరక నేల రెండెకరములు కలదు. దానిని ఆ పదునొకండు కుటుంబములకు ఇప్పించి, వారు లేచిన పిమ్మట అలుగు కట్టించి, ఆ ఆరెకరములను ఈ తొమ్మిదెకరములతో కలిపి పదునైదెకరముల తీరమును తోటగా విడువవలెనని నేనొక అర్జీ వ్రాసితిని. అర్జీలో మొదటి పేరాగా, 2003 నాటి పంచనామాలోని నా సంతకము తప్పుడు సాక్ష్యమని వ్రాసితిని. దానిని చదివిన మా పెద్దకుమారుడు, "నాయనా, ఇది వ్రాయనక్కరలేదు గదా, దీనివలన మీకు చిక్కు రావచ్చును" అనెను. రావచ్చును. ఆ వాక్యము లేకున్న తక్కిన అర్జీకి బలము లేదు.

నీరటి తాత గతించి కొన్నేండ్లైనది. ఆయన మనుమడు వనపర్తిలో ఆటో నడుపుకొనుచున్నాడు. మొన్న వానిని పిలిపించి రేగుచెట్టు చోటు చూపుమంటిని. చెట్టు ఎప్పుడో కొట్టివేసిరి. ఇప్పుడచ్చట ఒక ప్రహరీగోడ యున్నది. వాడు గోడ ప్రక్కన నిలిచి కాలితో నేల గీచి, "ఈడ్నే సార్, తాత నన్ను మోపుమీద కూసోబెట్టి జూపిచ్చిండు" అనెను. ఆ గీత మీద నేనొక రాయి పెట్టించితిని. అది సర్కారు రాయి కాదు, దానిమీద నంబరు లేదు. గ్రామసభ వచ్చే పున్నమి తరువాత నున్నది. నేను పోవుచున్నాను, వానిని కూడ రమ్మంటిని.